టీ అంగడి చిరునామాకు వచ్చిన చంద్రికలు

మా ఎదురింటి కోడలు మొన్న ఫోను పట్టుకొని వచ్చింది. గుజరాత్ నుంచి ఆన్‌లైన్‌లో పరుపు తెప్పించుకుంది. బిల్లు చూస్తే ధరతో పాటు పన్ను అని విడిగా వేసి ఉంది. "మదనపల్లెలో కూచోని గుజరాతోళ్ళకు నేను పన్ను యాల కట్టాల ఆంటీ?" అని నిలదీసింది. రిటైరై నాలుగేళ్ళయినా ఇలాంటి ప్రశ్న వింటే నాకు పాత హుషారు వచ్చేస్తుంది. పొయ్యి మీది పాలు కూడా మర్చిపోయి కూర్చోబెట్టి చెప్పాను. అమ్మేవాడిది ఒక రాష్ట్రం, కొనేవాళ్ళది ఇంకో రాష్ట్రం అయితే ఐజీఎస్టీ అని ఒకటే పన్ను పడుతుంది. నీ దగ్గర వసూలు చేసి కట్టే పూచీ అమ్మేవాడిదే. అందులో కేంద్రం వాటా పోగా మిగిలింది గుజరాత్‌కు పోదు, సరుకు దిగిన రాష్ట్రానికి వస్తుంది. నీ పరుపు మదనపల్లెలో దిగింది కాబట్టి ఆ వాటా మనకే. నువ్వు మళ్ళీ ఏ ఆఫీసుకూ పోయి కట్టాల్సిన పని లేదు.

"ఓస్, ఇంతేనా!" అని వెళ్ళిపోయింది. పాలు పొంగిపోయాయి.

ఇంతే. ఈ నాలుగు ముక్కలు నాకు కంఠతా వచ్చు. శాఖ పెట్టిన శిక్షణ తరగతుల్లో ఇతరులకు పాఠం కూడా చెప్పాను. అయినా ఒక రోజు కుప్పంలో ఇవన్నీ తెలిసీ ఒక రైతమ్మ కొంప ముంచబోయాను. సగం ముంచాను అంటే ఇంకా నిజం. పన్నుల శాఖలో కొత్తగా చేరుతున్న పిల్లలకు పనికొస్తుందని రాస్తున్నాను. చదివాక నన్ను నాలుగు తిట్టుకున్నా నాకేం బాధ లేదు.

పుంగనూరులో టైపిస్టుగా చేరాను. టైపు మిషన్ పోయి కంప్యూటరు వచ్చింది, అమ్మకపు పన్ను పోయి వ్యాట్ వచ్చింది, వ్యాట్ పోయి జీఎస్టీ వచ్చింది. నేను మాత్రం పోకుండా ఒక్కో మెట్టూ ఎక్కుతూ ఆఫీసరునయ్యాను. చివరి రెండేళ్ళు కుప్పం వైపు రోడ్ల మీద బండ్లు తనిఖీ చేసే పని పడింది. అటు పది నిమిషాలు పోతే కర్ణాటక, ఇటు పది నిమిషాలు పోతే తమిళనాడు. జీఎస్టీతో పాటే సరిహద్దు చెక్‌పోస్టులు ఎత్తేశారు కాబట్టి, అనుమానం వచ్చిన బండిని రోడ్డు మీదే ఆపి చూడాలి.

నాతో ఒక సీనియర్ అసిస్టెంటు ఉండేవాడు. వి.కోట పక్కన పల్లె ఆయనది. ఇరవై ఏళ్ళు చెక్‌పోస్టులో చేసిన మనిషి. "చెక్‌పోస్టు తీసేసినా నా చెయ్యి మాత్రం బండి కనపడితే దానంతటదే లేస్తాండాది మేడమ్, పెండ్లి ఊరేగింపుకు గూడా లేస్తాండాది" అని నవ్వించేవాడు. ఇంట్లో భార్య పట్టుపురుగులు పెంచుతుంది. సెలవు పెట్టినప్పుడల్లా "మల్బరి ఆకు కొయ్యాల" అని కారణం రాసేవాడు. నేను సంతకం పెట్టేటప్పుడల్లా ఆయన్ని ఏడిపించేదాన్ని.

ఆ రోజు పొద్దున పదకొండు గంటలకు కర్ణాటక వైపు నుంచి ఒక టెంపో వచ్చింది. కూరగాయలు దించేసి ఖాళీగా తిరిగొస్తున్న బండి. ఖాళీ అన్నమాటే గానీ వెనకాల టార్పాలిన్ కింద అట్టపెట్టెలు కనిపించాయి. అసిస్టెంటు చెయ్యి లేచింది. బండి ఆగింది.

"ఎవరివప్పా ఈ పెట్టెలు?" అన్నాను.

"మా ఊరోళ్ళవి మేడమ్. ఆన్‌లైన్‌లో తెప్పించుకుండారు."

ఊరు ఏదని అడిగితే చెప్పాడు. కుప్పం మండలమే, కర్ణాటక గట్టును ఆనుకొని ఉంటుంది. పెట్టెల మీది బిల్లులు ఒక్కొక్కటే తీసి చూశాను. మొత్తం తొమ్మిది. తొమ్మిది పేర్లు. చిరునామా మాత్రం ఒక్కటే, కర్ణాటకలో ఒక టీ అంగడి! అమ్మినవాళ్ళు గుజరాత్, ఢిల్లీ, కోయంబత్తూరు. ఒక్కో బిల్లూ యాభై వేల లోపే.

ఈ యాభై వేల సంగతి చెప్పాలి. అంతకు మించిన సరుకు బండెక్కితే ఈ-వే బిల్లు అని ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. అది తప్పించుకోవడానికి కొందరు వ్యాపారులు ఒకే సరుకును ముక్కలు చేసి, వాళ్ళ పేరునా వీళ్ళ పేరునా చిన్న చిన్న బిల్లులు రాయిస్తారు. పక్క రాష్ట్రంలో ఎవరి కొట్టులోనో దించి, అక్కడి నుంచి చాటుగా ఇటు తెచ్చి అమ్ముకుంటారు. అలాంటివి నేను చాలా పట్టుకున్నాను. మెచ్చుకోలు కాగితాలు కూడా ఇచ్చారు. ఈ తొమ్మిది బిల్లులు చూడగానే నా మనసులో కథంతా అల్లుకుపోయింది. టీ అంగడి అనేది ఉత్త పేరు, అసలది గోడౌను అయ్యుంటుందనుకున్నాను.

"కుప్పం మండలంలో ఉండేవాళ్ళు కర్ణాటక అడ్రసు యాల ఇచ్చినారు?"

"ఆడికైతే వస్తాది మేడమ్. మా ఊరికి రాదంటారు."

"రెండు కిలోమీటర్లు ఈపక్కకు రానోడు గుజరాత్ నుంచి ఆడిదాకా వచ్చినాడా? కతలు జెప్తాండావా నాకు?"

డ్రైవరు నోరు మూసుకున్నాడు. అబద్ధం దొరికిపోయింది కాబట్టి మూసుకున్నాడని నేననుకున్నాను. ఆఫీసరమ్మకు ఎదురు చెప్పకూడదని ఊరుకున్నాడట పాపం.

అసిస్టెంటు నాలుగు పెద్ద పెట్టెలు తట్టి చూసి నా దగ్గరకొచ్చాడు. "మేడమ్, ఇవి ప్లాస్టిక్ చంద్రికలు. పట్టుపురుగు గూడు కట్టేదానికి పెట్టే తట్టలు. ఎవరికో పురుగు పండి గూడు కట్టేటట్టుండాది. ఇవి మాత్రం ముందర పంపించేద్దాం, మిగతావి సూస్కుందాం."

"నువ్వు పట్టుమనిషివి, నీకు పురుగులే కనపడతాయి. నాకు బిల్లులు కనపడతాండాయి" అన్నాను. బలే మాట అన్నాననుకొని నేనే నవ్వాను కూడా.

బండి తనిఖీకి ఆపుతున్నట్టు కాగితం రాసి డ్రైవరు చేతికిచ్చాను. ఈ కాగితం ఒకసారి ఇస్తే అంతే, ఆన్‌లైన్‌లో ఎక్కిపోతుంది. తర్వాత "ఊరికే ఆపాం, పో నాయనా" అనడానికి ఉండదు. ఎందుకు ఆపావో, ఏం తేలిందో, ఎంత కట్టించావో పైకి జవాబు చెప్పాలి. బండిని కుప్పంలో మేం వాడుకునే ఆఫీసు గది ముందు పెట్టించాను.

డ్రైవరు ఊళ్ళోకి ఫోను చేసినట్టున్నాడు, పన్నెండు దాటాక ఒకామె ఎవరిదో మోటారు సైకిల్ వెనకాల కూర్చుని వచ్చి దిగింది. నలభై అయిదేళ్ళుంటాయి. చీర కొంగు నడుముకు బిగించి ఉంది, చేతుల నిండా ఆకు పసరు. పని మధ్యలోంచి లేచి వచ్చిందని చూస్తేనే తెలుస్తోంది.

"అమ్మా, ఆ చంద్రికలు నావి. పొద్దున్నే పురుగులు పండబట్టినాయి. తలకాయలు పైకెత్తుకోని తిరగతాండాయి. నన్నేమన్నా అడుగు, ఈడ్నే కూచోని జెప్తా. ఆ పెట్టెలు మాత్రం ఇచ్చి పంపీమ్మా."

"పాత తట్టలు లేవా మీకు?"

"వెదురువి ఉండె. పోయిన పంటకు సున్నపుకట్టు రోగం తగిలితే, వాటిని పెట్టుకోవద్దని పట్టు ఆఫీసోళ్ళే కాల్పించిరి."

"పక్కింట్లో అడిగి తెచ్చుకోరాదా?"

ఆమె నావైపు వింతగా చూసింది. "ఊరందరం ఒగే దినం పురుగు తెచ్చింటిమి కదమ్మా. అందరికీ ఈ పొద్దే పండతాండాది. ఎవరిస్తారు?"

అసిస్టెంటు నన్ను పక్కకు పిలిచి వివరంగా చెప్పాడు. పండిన పురుగు ఇక ఆకు తినదు, ఎవరి కోసమూ ఆగదు. నోట్లోంచి దారం వచ్చేస్తుంటుంది. గంటల్లో చంద్రిక మీద వేస్తే శుభ్రంగా గూడు కడుతుంది. లేకపోతే అది పడుకున్న ఆకుల్లోనే, పెంటలోనే, ఒకదానికొకటి అతుక్కొని కట్టేస్తుంది. ఆ గూళ్ళు మార్కెట్టులో ఎవరూ ముట్టరు. ఇరవై దినాలు రాత్రీ పగలూ ఆకు కోసి వేసిన పంట ఒక్క మధ్యాహ్నంలో పోతుంది. నాకు కొంచెం భయం వేసింది. అయినా గోడౌను కథ మీద మమకారం పోలేదు.

"విచారణ చేస్తాను, కూచో" అన్నాను. ఆమె బయట కిటికీ కింద గోడకు ఆనుకొని కూర్చుంది.

బిల్లుల మీద ఉన్న ఫోన్ నంబర్లకు వరసగా చేశాను. మొదటి నంబరు ఎత్తిన ముసలాయన నేను డెలివరీ ఆఫీసు నుంచి అనుకొని ఎగిరిపడ్డాడు. "ఎన్ని దినాలు తిప్పతారప్పా? మనవరాలికి ఉయ్యాల జెప్పింటి. మీరు తెచ్చేలోపల అది నడిసేస్తాది!" రెండోది గ్రైండరు. మూడోది మోటారుకు వేసే స్టార్టరు. నాలుగో ఆమె వంట మధ్యలో ఉంది, కుక్కరు కూతల మధ్య తన చీర రంగు ఏమిటో నన్నే అడిగింది. తొమ్మిది ఇళ్ళు, తొమ్మిది అవసరాలు. అమ్ముకునే సరుకు ఒక్కటీ లేదు.

ఆఖరికి టీ అంగడాయనకు చేశాను. ఆయన ఈ రైతమ్మకు బావ, అక్క మొగుడు. అసలు బాధంతా ఆయనదే అన్నట్టు మొదలుపెట్టాడు.

"యాడ మేడమ్, మా మరదలిది ఒగటి వచ్చిండె మొదట. రెండు దినాల్లో వచ్చేసింది సూడండి, ఊరంతా ఎగబడినారు. వాళ్ళ పిన్‌కోడ్ కొడితే డెలివరీ లేదంటాదంట. మా ఊరు బెంగళూరు లైన్లో ఉండాది కాబట్టి వస్తాది. ఇప్పుడు ఐదూళ్ళోళ్ళ పెట్టెలు నా అంగట్లోనే. పెట్టేకి జాగా లేక టీ తాగేటోళ్ళను ఎండలో నిలబెడతాండాను. మీరన్నా గట్టిగా జెప్పండి, నాకు ఈ పీడ వదిలిపోతాది."

గోడౌను కూలిపోయింది. కంప్యూటరు చూసే అమ్మాయి చేత అమ్మినవాళ్ళ జీఎస్టీ నంబర్లన్నీ వెతికించాను. అందరూ రిజిస్టరైనవాళ్ళే. బిల్లు బిల్లుకూ ఐజీఎస్టీ వేసి ఉంది. సొంతానికి కొనుక్కున్న మనిషి దగ్గర పన్ను ఒకసారి తీసుకున్నాక, ఆమె ఆ వస్తువును బావ ఇంటి నుంచి తన ఇంటికి తెచ్చుకుంటే దాని మీద ఇంకే పన్నూ లేదు. చిరునామా కర్ణాటకది కాబట్టి రాష్ట్రం వాటా కర్ణాటకకు పోయింది, అది మనకు నష్టమే. కానీ ఆ నష్టం పిన్‌కోడ్ చేసింది గానీ రైతమ్మ చేయలేదు. బావ చిరునామా ఇవ్వడం నేరమని ఏ చట్టంలోనూ లేదు.

అప్పటికి టైము రెండు. ఈ రెండు అనే అంకె గుర్తుంచుకోండి.

వెంటనే బండి వదిలేయాలి కదా? నేను పైఅధికారికి ఫోన్ చేశాను. ఆయన చెడ్డవాడేమీ కాదు. సావధానంగా విని, "కాగితం ఇచ్చేశాక ఉత్త చేతులతో వదిలితే అసలు ఎందుకు ఆపావని అడుగుతారమ్మా. ఏదో చిన్న పెనాల్టీ రాసెయ్. వాళ్ళూ కట్టేస్తారు, ఫైలూ మూసుకుంటుంది. రిటైర్మెంటు ముందు నీకు మెమోలు ఎందుకు?" అన్నాడు.

"తప్పు నాదే సార్, వాళ్ళది కాదు. కానీ మెమో వస్తే నా పింఛను కాగితాలు ఆగిపోతాయి కదా సార్" అన్నాను. నా గొంతు మామూలుగానే పెద్దది.

ఫోన్ పెట్టేసి టీ తెప్పించుకున్నాను. ఒక రిటైరైన పాత స్నేహితురాలికి చేశాను. ఆమె పింఛను ఆగిన ఇద్దరి కథలు చెప్పి నన్ను ఇంకా భయపెట్టింది. మా ఆయనకు చేశాను. "నీ ఇష్టం" అన్నాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన ఇచ్చిన సలహాలన్నీ ఇవే. పెనాల్టీ కాగితం తీశాను. పక్కన పెట్టాను. మళ్ళీ తీశాను.

కిటికీ దగ్గర రైతమ్మ లేచి నిలబడింది. "ఎంతో కొంత రాసుకోమ్మా. కట్టేస్తా. ఇంటికాడ మా ఆయన ఒగడే ఉండాడు."

చూశారా, ఎంత సులువో! ఆమే కడతానంటోంది. నేను పెన్ను మూత తీశాను. అప్పుడు అసిస్టెంటు, ఇరవై ఏళ్ళు చెక్‌పోస్టులో అన్నీ చూసిన మనిషి, మెల్లగా అన్నాడు. "కట్టించుకుంటే తప్పు ఆమెదని రాసినట్టవతాది మేడమ్. రేపటినించి ఆ టీ అంగడి పెట్టె ఏది కనపడినా ఎవరైనా ఆపతారు, ఈ కాగితం సూపించి."

సిగ్గుతో నా మొహం మండిపోయింది. పెనాల్టీ కాగితం చింపి బుట్టలో వేశాను. విడుదల ఉత్తర్వు రాశాను. కారణం అన్న చోట "సొంత వాడకపు సరుకు, పన్ను చెల్లించబడింది, బండిని ఆపడం నా పొరపాటు" అని రాసి సంతకం పెట్టాను. గడియారం చూస్తే మూడుంబావు.

టెంపో వెనకే జీపులో మేమూ వెళ్ళాం. వెళ్ళి నేను చేసేదేమీ లేదు గానీ, ఆఫీసులో కూర్చోబుద్ధి కాలేదు. పురుగుల షెడ్డులో అడుగు పెట్టగానే ఏదో సన్నగా చిటపటమనే చప్పుడు వినిపించింది. ఇంకా పండని పురుగులు ఆకు తింటున్న చప్పుడట. మిగతావి తలలెత్తి గాలిలో వెతుక్కుంటున్నాయి. చాలా మేత తట్టల్లో అప్పటికే ఆకుల మధ్య తెల్లగా దారం అల్లుకుపోయి ఉంది. ఆమె భర్త ఎండు కొమ్మలు, వేరుశనగ కట్టె, ఏది దొరికితే అది తెచ్చి పరుస్తున్నాడు. నన్ను దాటుకొని పెట్టెలు దించడానికి బయటికి పరిగెత్తాడు. ఆగి నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

పెట్టెలు విప్పి అందరూ పురుగులు ఏరడం మొదలుపెట్టారు. అసిస్టెంటు చొక్కా చేతులు మడిచి కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. ఉద్యోగమంతా పట్టుగూళ్ళ బిల్లులు చూశాను గానీ ఏనాడూ పురుగును ముట్టలేదు. చల్లగా, మెత్తగా ఉంది. నేను రెండు వేళ్ళతో పట్టుకొని మొహం అటు తిప్పుకుంటే పక్కన ఉన్న ముసలమ్మ ఫక్కున నవ్వింది. "అది బిల్లు అడగదులేమ్మా, పట్టుకో!" షెడ్డులో అందరూ నవ్వారు. రైతమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె చేతులు ఆగలేదు.

పొద్దు గుంకేదాకా ఏరాం. సగం పంట చంద్రికల మీదికి ఎక్కింది. మిగతా సగం ఆకుల్లోనే కట్టేసుకుంది.

వారం తర్వాత ఆమె మా ఆఫీసుకు వచ్చింది. మంచి గూళ్ళు మార్కెట్టుకు పోయాయట, మిగతావి ఎవరూ అడగలేదట. నేను కుర్చీ చూపించేలోపే ఆమే అంది. "నువ్వు మంచిదానివమ్మా. ఒగ్గ రూపాయి తీసుకోకుండా ఇడిసిపెడితివి. వేరే ఎవరన్నా అయ్యుంటే కట్టించుకోని ఉందురు." చేతులెత్తి దండం కూడా పెట్టింది. ఆ దండం నాకు చెంపదెబ్బలాగా తగిలింది. రెండు నుంచి మూడుంబావు వరకు నేనేం చేశానో ఆమెకు చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను.

సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాసిచ్చాను. ఏమీ కాలేదు. పింఛను ఒక్క నెల కూడా ఆగలేదు. ఏ భయంతో అయితే ఒక మనిషి సగం పంట పోగొట్టానో, ఆ భయంలో పస లేదు. గట్టు పల్లెల పన్ను వాటా పక్క రాష్ట్రానికి పోతోందని, పార్సిళ్ళు ఊళ్ళోకి వచ్చేటట్టు చూడాలని పైకి ఒక ఉత్తరం కూడా పెట్టాను. దానికి మాత్రం జవాబు ఇంతవరకూ రాలేదు.

పిల్లలూ, మీకు చెప్పదలచుకున్నది నేను బండి ఆపిన సంగతి కాదు. ఆ బిల్లులు చూస్తే మీరైనా ఆపుతారు, ఆపాలి కూడా. తెలియక చేసిన తప్పు ఆ తొలి మూడు గంటలు. తెలిశాక చేసిన తప్పు ఆ గంటంబావు. పంట ఎక్కువగా పోయింది ఆ గంటంబావులోనే అని అసిస్టెంటు తర్వాత చెప్పాడు. ఎండ ఎక్కువైన వేళ పురుగు తొందరగా పండుతుందట.

మొన్న కుప్పంలో ఒక పెండ్లికి వెళ్ళినప్పుడు మనసాగక ఆ ఊరికి పోయాను. ఇప్పుడు పార్సిళ్ళు ఊళ్ళోకే వస్తున్నాయి. టీ అంగట్లో మళ్ళీ టీ తాగేవాళ్ళు లోపల కూర్చుంటున్నారట. ఆమె మల్బరి తోటలో ఆకు కోస్తోంది. నన్ను గుర్తుపట్టి గట్టు మీద కూర్చోమంది. కూర్చోకుండానే మొదలుపెట్టాను.

"ఆ పొద్దు నీకు చెప్పని మాట ఒగటుండాదమ్మా. నీ తప్పేమీ లేదని నాకు రెండు గంటలకే తెలిసిపోయింది. మూడు దాటేదాకా నా పింఛను గురించి ఆలోచిస్తా కూచుంటి. అందుకే నీ పంట పోయింది."

ఆమె కొడవలి ఆగలేదు. "తెల్సులేమ్మా. కిటికీ కిందనే కదా కూచోనుంటి. నువ్వు ఫోన్లో శానా గట్టిగా మాట్లాడతావు."

అప్పుడు గట్టు మీద కూర్చున్నాను. "అన్నీ ఇని కూడా, ఆఫీసుకొచ్చి మంచిదానివని యాల అంటివి?"

ఆమె కోసిన ఆకు కట్ట కట్టి, నడుము నిటారు చేసి నవ్వింది. "తిడితే ఏమొస్తాదమ్మా? మంచిదానివంటే మళ్ళా మా బండి ఆపవని."

నిజమే. నా ఉద్యోగంలో మిగిలిన పద్నాలుగు నెలలూ ఆ టెంపో ఎదురొస్తే, దానికి దారి ఇమ్మని నేనే జీపు పక్కకు తీయించేదాన్ని.